గ్రౌండు నోరు మూసుకున్న రోజు

ఆ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రిల్లు మాస్టర్లు ఇద్దరు మా ఇంటికొచ్చారు. "సార్, ఫుట్‌బాల్ టోర్నమెంటు పెడుతున్నాం. మ్యాచి రోజు గ్రౌండులో మంచి సందడి రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు. నేను మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను. "ఏమీ చెయ్యకండి" అన్నాను. ముసలాడికి మాట్లాడే ఓపిక లేదనుకున్నారేమో, కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఓపిక లేని మాట నిజమే. కానీ నేను చెప్పింది కూడా నిజమే. వాళ్లు వెళ్లాక, పిల్లలు పాపం అంత దూరం నుంచి వస్తే ఒక్క ముక్కతో పంపించేశానే అనిపించి ఇది రాస్తున్నాను. నాకు ఇంక్రిమెంట్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకున్నాడో ఇందులో ఉండదు. అవి నాకే గుర్తులేవు. గుర్తున్నవాటిని మరిచిపోదామన్నా పోవడం లేదు, వాటినే చెబుతాను.

గ్రౌండు అంటే

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నెల్లూరు జిల్లా కోట దగ్గర ఒక హైస్కూలులో డ్రిల్లు మాస్టరుగా చేరాను. "ఫుట్‌బాల్ గ్రౌండు ఎక్కడ సార్?" అని హెడ్మాస్టరుగారిని అడిగితే కిటికీలోంచి చెయ్యి చూపించారు. పల్లేరు తీగ తప్ప నాకేమీ కనిపించలేదు. "అదే" అన్నారాయన.

అందరూ వట్టికాళ్లతో ఆడే రోజులవి. పల్లేరుకాయ గుచ్చుకుంటే ఎంత మొనగాడైనా ఒంటికాలి మీద గెంతాల్సిందే. నా ఉద్యోగంలో సగం పల్లేరు పీకడం. మిగతా సగం సున్నం కలిపి గీతలు వెయ్యడం, ఆ గీతల మీద పడుకున్న మేకలను తోలడం, బంతిలో బ్లాడరు చిరిగితే అతుకు వెయ్యడం. మీరంతా సర్టిఫికెట్లు పట్టుకొని మురిసిపోతూ వస్తారు. ముందు నడుం వంగుతుందో లేదో చూసుకోండి నాయనా.

ఇంకొకటి, గాలి. మాకు సముద్రం దగ్గర. మధ్యాహ్నం దాటిందంటే తూర్పు గాలి లేస్తుంది. లేచిందంటే పొద్దుగూకేదాకా ఆగదు. బంతిని కొంచెం ఎత్తి కొడితే పడమటి గీత దాటి ఎవరి గడ్డివామిలోనో పడేది. బయటి నుంచి వచ్చిన జట్లు బంతి కోసం ఆకాశంలోకి చూస్తూ పరిగెత్తేవి. మావాళ్లు బంతిని నేల విడవనిచ్చేవాళ్లు కాదు. ఈ గాలి సంగతి మళ్లీ వస్తుంది, అందుకని ముందే చెబుతున్నాను.

దిబ్బ మీది వాళ్లు

కోతలయ్యాక వేసవిలో షీల్డు పోటీలు జరిగేవి. జనం రెండు వైపుల నుంచి వచ్చేవాళ్లు. పడమటి ఊళ్ల రైతులు బండ్లు కట్టుకొని వచ్చి పడమటి గీత పక్కన కూర్చునేవాళ్లు. వీపు మీద ఎండ కొడుతుందని గొడుగులు వేసుకునేవాళ్లు. వాళ్ల సందడంతా ఎకసెక్కాలే. "ఒరే, ఆ గోలీని ఎవురన్నా నిద్ర లేపండ్రా!" అని గోలు కాసేవాణ్ని చూసి ఒకడంటే చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

తూర్పు పక్కన ఎత్తుగా ఇసుక దిబ్బ ఉండేది. సముద్రం ఒడ్డు పాళెం నుంచి చేపలు పట్టుకునే వాళ్లంతా పెళ్లాం బిడ్డలతో వచ్చి ఆ దిబ్బ ఎక్కి కూర్చునేవాళ్లు. ఎప్పటి నుంచో అది వాళ్ల చోటు. వాళ్లు ఆటగాళ్ల పేర్లు పెట్టి అరిచేవాళ్లు కాదు. దిక్కులు అరిచేవాళ్లు. "దక్షిణం! దక్షిణం పో! పడమట ఒకడు వస్తాండాడు, పడమట!" అని దిబ్బంతా ఒక్క గొంతయ్యేది.

అదేం వింత అని మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత ఒకసారి పాళెం వెళ్లినప్పుడు చూశాను. చేపల గుంపు ఒడ్డుకు దగ్గరగా వస్తే ఒక మనిషి ఒడ్డున దిబ్బ మీద నిలబడతాడు. నీళ్లలో నలుపు ఎటు కదులుతుందో చూసి, తెప్పల మీద వల వేసేవాళ్లకు దిక్కు కేకేస్తాడు. తెప్ప మీద ఉన్నవాడికి పక్కనే ఉన్న గుంపు కనపడదు, ఎత్తున ఉన్నవాడికి కనపడుతుంది. తెప్ప మీదివాడు తల తిప్పి చూడడు. కేక ఎటు చెబితే అటు తెడ్డు వేస్తాడు. వాళ్లు మా గ్రౌండులో చేసింది కూడా ఆ పనే.

మొదటి ఏడు ఒక రెఫరీ, బయటి నుంచి ఇట్లా చెప్పకూడదు, ఆపించండి అని నా మీద విరుచుకుపడ్డాడు. నేను దిబ్బ దగ్గరికి పోయి చేతులు ఊపుతూ ఉపన్యాసం ఇచ్చాను. పాళెంలో అందరికీ పెద్ద, వాళ్లు పెద్దకాపు అని పిలిచే పోలయ్య అంతా విని, "పిల్లోడి వెనకమాల ఒకడు వచ్చి గుద్దబోతాంటే చూస్తా ఊరకుండమంటావా అయ్యవారా?" అన్నాడు. నేను వచ్చిన దారినే తిరిగొచ్చాను. ఒక్కోసారి ఆట రంజులో పడి అవతలి జట్టువాడికి కూడా దిక్కు చెప్పేసేవాళ్లు. చెప్పాక నాలుక కరుచుకొని, మళ్లీ వాళ్లలో వాళ్లే తిట్టుకునేవాళ్లు.

ఆ పోలయ్య కొడుకు ఏకాంబరం. మా స్కూల్లో చదివి వదిలేశాడు గానీ మా ఊరి జట్టుకు లెఫ్ట్ అవుట్ ఆడేవాడు, అంటే ఎడమ గీత వెంబడి బంతి తీసుకుపోయేవాడు. నా సర్వీసులో అట్లాంటి ఆటగాణ్ని ఇంకొకణ్ని చూడలేదు. బంతి కాలికి తగిలాక వాడు పక్కకు చూసేవాడు కాదు. ఎవడైనా గుద్దడానికి వస్తే దిబ్బ మీద నుంచి దిక్కు వినపడేది, వాడు తల తిప్పకుండానే పక్కకు తప్పుకునేవాడు. గుద్దడానికి వచ్చినవాడు ఖాళీ చోటును గుద్ది బోర్లా పడేవాడు. రైతులకు కూడా అలవాటైపోయింది. దిబ్బ అరవడం మొదలుపెట్టగానే పడమటి పక్క గొడుగులన్నీ ముడుచుకునేవి, అందరూ లేచి నిలబడేవాళ్లు.

మీరు అడిగిన సందడి అదే. దాన్ని నేను తయారుచెయ్యలేదు. నేను చేసిందల్లా పల్లేరు పీకడం.

మైకు

మా టోర్నమెంటు కమిటీకి ప్రెసిడెంటు ఒక రైస్ మిల్లు ఆసామి. షీల్డు ఆయనదే, బంతులు ఆయనవే. చెడ్డవాడు కాదు. అడగకుండానే పిల్లలకు బనీన్లు కుట్టించేవాడు. కానీ ఏదైనా నాలుగు రూపాయలు పెట్టి కొంటేనే గొప్పదనుకునే మనిషి.

ఒక ఏడు మైకు సెట్టు తెచ్చి నాలుగు మూలలా నాలుగు బాకాలు కట్టించాడు. ఆట జరుగుతున్నంతసేపూ పాటల ప్లేట్లు, మధ్యమధ్యలో ప్రకటనలు. ఒకసారి మావాడు పెనాల్టీ కొట్టడానికి పరిగెత్తుకొస్తున్నాడు. గ్రౌండంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. సరిగ్గా అప్పుడు మైకులో, "ఎవరిదో పెట్టె తాళంచెవి దొరికినది" అని గట్టిగా వినపడింది. వాడు ఆగిపోయి మొలతాడు తడుముకున్నాడు. తర్వాత కొట్టిన బంతి గోలీ చేతుల్లోకి పోయింది. నేను నెత్తి కొట్టుకున్నాను. ప్రెసిడెంటుగారు మాత్రం, "మైకు ఎంత దూరం వినపడతాందో చూసినావా మాస్టరూ!" అని మురిసిపోయాడు.

ఆట జరుగుతున్నప్పుడు మైకు పెట్టకండి. మైకు మాట్లాడుతుంటే జనం వింటారు, జనం వింటుంటే అరవరు. ఇంతకంటే వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు.

గాలి వాటం

అరవైల మధ్యలో ఒక ఏడు మా జట్టు ఫైనలుకు వచ్చింది. అవతలి జట్టు నెల్లూరు నుంచి. బహుమతులు ఇవ్వడానికి జిల్లా పెద్ద ఆఫీసరు ఒకాయన ఒప్పుకున్నాడు. ఇవన్నీ ప్రెసిడెంటుగారి సంబరాలు. నా సంబరం వేరే ఉంది. మద్రాసులో ఒక మిల్లుకు సొంత జట్టు ఉండేది. ఆ జట్టుకు ఆటగాళ్లను ఏరే మనిషి ఏకాంబరం ఆట చూడడానికి వస్తున్నాడు. నచ్చితే మిల్లులో పని ఇస్తారు, జట్టులో ఆడిస్తారు.

ఆయన్ను పిలిపించమని నన్ను అడిగింది పోలయ్యే. ఒకరోజు స్కూలు గేటు దగ్గర నిలబడి, తువ్వాలు చేతులో నలుపుకుంటూ, "నాకు నలుగురు మొగబిడ్డలు అయ్యవారా, తెప్పలు రెండే. వీడొక్కడన్నా నేల మీద బతకనీ. నీకు పుణ్యముంటాది" అన్నాడు. పాళెంలో ఎవరికీ తలవంచని మనిషి అట్లా అడిగేసరికి నాకే సిగ్గేసింది.

ఫైనలుకు ముందు ప్రెసిడెంటుగారు గ్రౌండు చూడడానికి వచ్చాడు. పడమటి గీత మధ్యలో ఆఫీసరుకు షామియానా వేస్తున్నాం. అక్కడ కుర్చీలో కూర్చొని గాలికి ఎదురుగా మొహం పెట్టాడు.

"ఏమయ్యా డ్రిల్లు మాస్టరూ, గాలి ఎటు నించి వస్తాది సాయంత్రం?"

"తూర్పు నించి సార్."

"ఆ దిబ్బ మీద పాళెం వాళ్లు కూర్చుంటే, ఆ చేపల కంపంతా గాలికి కొట్టుకొచ్చి ఆఫీసరు మొహాన పడదూ?"

ఎవరికీ తట్టని సంగతి ఆయనకు తట్టింది. వాళ్లను ఉత్తరం గోలు వెనకాల, పడమటి మూలకు మార్చి, ముందు తాడు కట్టమన్నాడు. అక్కడైతే గాలి షామియానాకు తగలకుండా పోతుంది. దిబ్బ ఖాళీగా ఉంచి రంగు కాగితాలు కట్టమన్నాడు.

"సార్, వాళ్లు దిబ్బ మీద లేకపోతే మన ఆటే లేదు. ఏకాంబరం సంగతి మీకు తెలుసు గదా" అన్నాను.

"సందడికి మైకు ఉంది గదయ్యా" అన్నాడు.

ఇంకా నాలుగు మాటలు చెప్పి చూశాను. ఆయన చెవిన వేసుకోలేదు. ఉద్యోగమన్నాక తాడు కట్టమంటే కట్టాలి, కట్టాను. అంతటితో పోయినా బాగుండేది. ఊళ్లో టముకు వేయించాడు. టముకు వేసేవాడికి ఎందుకు మారుస్తున్నారో కూడా ఎవరో చెప్పినట్టున్నారు. పొద్దుగూకేలోపల పాళెం పాళెమంతా ఆ కంపు మాట చేరిపోయింది.

దురాయి

మర్నాడు సైకిలు తొక్కుకుంటూ పాళెం వెళ్లాను. వలలు ఆరేసి ఉన్నాయి. పోలయ్య తెప్ప మీద కూర్చొని ఉన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

"కంపంట గదా అయ్యవారా మేము?"

"నేనన్న మాట కాదు పోలయ్యా."

"నువ్వన్నావని నేనన్నానా? సరే, మూలన కూర్చోమన్నారు, కూర్చుంటాం. వస్తాం, చూస్తాం, పోతాం. ఒక్క బిడ్డ కూడా నోరు తెరవదు. దురాయి పెట్టినాం."

దురాయి అంటే పాళెంలో పెద్దకాపు నలుగురినీ కూర్చోబెట్టి ఇచ్చే ఆజ్ఞ. ఫలానా రోజు వేటకు పోకూడదంటే ఎవడూ తెప్ప కదపడు. ఫలానా మనిషితో మాట్లాడకూడదంటే సొంత అన్న కూడా మాట్లాడడు. దాటినవాడికి శిక్ష ఉంటుంది. దానికంటే పెద్ద శిక్ష, దాటినవాడని పేరు పడడం. వాళ్ల కట్టుబాటంతా దాని మీదే నిలబడి ఉంది.

"రాకుండా ఉంటే పోలా?" అన్నాను.

"రాకపోతే అలిగినారంటారు. వచ్చి నోరు మూసుకుంటేనే మేమేందో తెలస్తాది."

"అది తెలిసేది ప్రెసిడెంటుకు కాదు పోలయ్యా, ఏకాంబరానికి. మద్రాసు మనిషి వచ్చేది ఆరోజే గదా. నువ్వే గదా పిలిపించమన్నావు."

ఏకాంబరం కొంచెం దూరంలో వల బాగుచేస్తున్నాడు. అంతా వినపడుతూనే ఉంది, తల ఎత్తలేదు.

"నా కొడుకు కోసరం దురాయి సడలిస్తే రేపు నా మాట ఎవుడు వింటాడు? వాడి ఆట వాడు ఆడుకుంటాడులే. కాళ్లు వాడివే గదా" అన్నాడు పోలయ్య.

నాకు ఒళ్లు మండింది. కంపన్నవాడి మీద ఎంత మండిందో, ఈయన మీదా అంతే మండింది. ఇద్దరు పెద్దమనుషుల పట్టుదలకు మధ్యలో నలిగేది ఆ పిల్లవాడే. సైకిలు ఎక్కేటప్పుడు ఏకాంబరం దగ్గరికి వచ్చి, "నాయన్ను ఏమనబాకండి అయ్యవారా. నేను చూసుకుంటాను" అన్నాడు. ఏం చూసుకుంటాడో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఫైనలు

పాళెం వాళ్లు అన్నట్టే వచ్చారు. ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. ఆడవాళ్లు తలస్నానాలు చేసి పూలు పెట్టుకున్నారు, మగవాళ్లు ఉతికిన పంచెలు కట్టుకున్నారు. ఉత్తరం మూలన తాడు వెనకాల వరుసగా కూర్చున్నారు. పోలయ్య ముందు వరుసలో, తాడు పక్కనే. చంటిపిల్ల ఏడిస్తే తల్లి దాని నోటికి రొమ్ము అందించింది. నేను పడమటి గీత మీద జెండా పట్టుకొని లైన్స్‌మన్‌గా నిలబడ్డాను.

ఆట మొదలైంది. మొదటి సగంలో మావాళ్లు దక్షిణం గోలు మీదికి ఆడారు కాబట్టి ఏకాంబరం తూర్పు గీత వెంబడి, అంటే దిబ్బ కింద ఆడాడు. దిబ్బ మీద రంగు కాగితాలు గాలికి టపటపలాడుతున్నాయి. వాడికి బంతి అందగానే ఒకసారి దిబ్బ వైపు చూశాడు. అంతకు ముందు వాడు పక్కకు చూడడం నేను ఎరగను. చూసిన ఆ క్షణంలో అవతలి బ్యాకు, గోలు ముందు అడ్డం కాసే భారీ మనిషి, వచ్చి బంతి తన్నుకుపోయాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. వాడు ఆగి, చూసి, మళ్లీ ఆడుతున్నాడు. అట్లా ఆడితే వాడు మామూలు ఆటగాడు.

మైకులో పాటలు వస్తూనే ఉన్నాయి. రైతులు గొడుగులు ముడవలేదు. ఎప్పుడు లేవాలో వాళ్లకు దిబ్బే చెప్పేది, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఎకసెక్కాలు కూడా ఆగిపోయాయి. అంతమంది ఉన్న చోట అంత నిశ్శబ్దంగా ఉంటే మనిషికి భయమేస్తుంది. సగం ఆట అయ్యాక ఆఫీసరు నన్ను పిలిచి, "ఎవరైనా చనిపోయారా ఏమిటండీ ఇక్కడ?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. ప్రెసిడెంటుగారి మొహం మాడిపోయింది. మైకు వాడి దగ్గరికి పరిగెత్తి ఆపించాడు. అప్పుడు ఇంకా ఘోరమైంది. గాలి చప్పుడు, కాలికి బంతి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

రెండో సగంలో దిక్కులు మారాయి. మావాళ్లు ఉత్తరం గోలు మీదికి ఆడుతున్నారు. ఏకాంబరం ఇప్పుడు పడమటి గీత మీద, నా పక్కనే. వాడు పరిగెత్తే దారి చివరన మూలలో పాళెం వాళ్లు కూర్చొని ఉన్నారు. షామియానా పక్కన కుర్చీ అంచున కూర్చున్న మద్రాసు మనిషి మొదటి సగమంతా పెదవి విరుస్తూనే ఉన్నాడు. ఇప్పుడు కొంచెం ముందుకు వంగాడు. ఎందుకంటే ఏకాంబరం దిబ్బ వైపు చూడడం మానేశాడు. ఇక ఎవరూ చెప్పరని తేల్చుకున్నట్టున్నాడు. తనకు తానే ఆడడం మొదలుపెట్టాడు.

మధ్య నుంచి బంతి వచ్చింది. దొరకపుచ్చుకొని, ఒకణ్ని దాటాడు, ఇంకొకణ్ని దాటాడు. గీత వెంబడి ఉత్తరంగా దూసుకుపోతున్నాడు. నేను జెండా పట్టుకొని పక్కనే పరిగెత్తుతున్నాను. మద్రాసు మనిషి లేచి నిలబడడం ఓరకంట చూశాను. ముందు గోలీ ఒక్కడే ఉన్నాడు. తూర్పు పక్క నుంచి, ఏకాంబరానికి కనపడకుండా, వెనగ్గా ఆ పెద్ద బ్యాకు వస్తున్నాడు. నాకు కనపడుతోంది. మూలన కూర్చున్న వాళ్లందరికీ కనపడుతోంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు.

"తూర్పు! తూర్పున వస్తాండాడు రా అబ్బయా!"

పోలయ్య. తాడు పట్టుకొని లేచి నిలబడి ఉన్నాడు.

దిబ్బంతా కలిసి అరిచే రోజుల్లో అయితే ఏకాంబరం తల తిప్పకుండా పక్కకు తప్పుకునేవాడు. అది ఎవరి గొంతూ కాదు, ఒట్టి దిక్కు. ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో వినపడింది ఒకే ఒక గొంతు, అది వాళ్ల నాయనది. వాడు పరుగు ఆపి తల ఎత్తి నాయన వైపు చూశాడు. బ్యాకు వాడు నేలకు ఆన్చిన కాలి మీద వచ్చి పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు షామియానాలోకి కూడా వినపడిందని తర్వాత చెప్పారు.

అది ఫౌలు కూడా కాదు. ఆ కుర్రాడు బంతి కోసమే వచ్చాడు. ఏకాంబరం ఆగుతాడని వాడికి మాత్రం ఏం తెలుసు? తల పట్టుకొని పక్కనే కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత

ఆఫీసరు మంచివాడు. తన జీపే ఇచ్చి నెల్లూరు ఆసుపత్రికి పంపించాడు. బెంచీ మీద పడుకోబెట్టి మోసుకుపోతుంటే పాళెం వాళ్లు వెనకాల నడిచారు. అప్పుడు కూడా ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే దురాయి తప్పినట్టవుతుందేమోనని వాళ్ల భయం. ఆట మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశాం. ఎవరు గెలిచారో రాయడం అనవసరం. మద్రాసు మనిషి ఆ బ్యాకును తీసుకున్నాడు. నేను తప్పు పట్టను, కుర్రాడు బాగా ఆడాడు.

మర్నాడు పోలయ్య తనే పాళెం వాళ్లందరినీ కూర్చోబెట్టాడంట. దురాయి పెట్టింది నేనే, దాటింది నేనే, శిక్ష వెయ్యండన్నాడంట. "కన్నకడుపు గదా పెద్దకాపా, వదిలెయ్" అని అందరూ అన్నారంట. వినలేదు. శిక్ష వేయించుకొని, పెద్దరికం ఇంకొకరికి అప్పజెప్పి, ఒట్టి పోలయ్యగా ఇంటికి పోయాడు.

మరుసటి ఏడు ప్రెసిడెంటుగారు తాడు తీయించాడు. షామియానా కూడా వద్దన్నాడు. "పాళెం వాళ్లను రమ్మని చెప్పు మాస్టరూ, వాళ్లు లేకుంటే ఆట ఆటలాగ లేదు" అన్నాడు. ఆ మాట ముందే అన్నాను గదా సార్ అనే ఓపిక నాకు అప్పటికే పోయింది. వెళ్లి చెప్పాను. కొంతమంది వచ్చారు, దిబ్బ మీదే కూర్చున్నారు. గోలు పడితే చప్పట్లు కొట్టారు. పడమటి రైతుల మాదిరిగానే, పద్ధతిగా కొట్టారు. దిక్కులు మాత్రం అరవలేదు. నేను అక్కడ పనిచేసినన్నేళ్లూ మళ్లీ అరవలేదు.

కాబట్టి నాయనలారా, మీరు అడిగిందానికి నాకు తెలిసిన జవాబు ఇంతే. జనం ఎక్కడ కూర్చుంటున్నారో అక్కడే కూర్చోనివ్వండి. ఏం అరుస్తున్నారో అది అరవనివ్వండి, మీకు నచ్చకపోయినా సరే. మీ చేతనైతే పల్లేరు పీకండి. బాకాలు, కాగితాలు, షామియానాలు కొనగలరు. ఇంకొకరి బిడ్డ వెనకాల ఎవడొస్తున్నాడో చూసి కేకేసే జనాన్ని కొనలేరు. ఒకసారి నోరు మూయించారంటే ఇక అంతే. మళ్లీ తెరవమని ఎంత బతిమాలినా ఆ గొంతు రాదు.

నెల్లూరు ఆసుపత్రిలో

ఒకటి మిగిలిపోయింది. ఏకాంబరం ఇంకా ఆసుపత్రిలో ఉండగా ఒక ఆదివారం చూడడానికి వెళ్లాను. కాలికి పిండికట్టు వేసి పైకి వేలాడదీశారు. ఎముక అతుక్కుంటుంది గానీ కాలు కురచవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. అంటే ఆట లేదు, మిల్లు లేదు. ఊగే తెప్ప మీద నిలదొక్కుకొని వల లాగడం కూడా ఇక వాడి వల్ల కాదు. నేల మీదా లేకుండా, నీళ్ల మీదా లేకుండా అయిపోయాడు. ఆ సంగతి వాడికీ పోలయ్యకూ నాకూ తెలుసు, ఎవరమూ ఎత్తలేదు.

పోలయ్య మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని గిన్నెలో గంజి కలుపుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, కూర్చోమన్నాను. నేను తీసుకుపోయిన బత్తాయిలు కిటికీలో పెట్టాను. కాసేపు ఊళ్లో వానల గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి పోలయ్య గిన్నె కింద పెట్టి కొడుకును అడిగాడు. ఎన్నాళ్ల నుంచి లోపల పెట్టుకున్నాడో.

"తూర్పు అన్నాను గదరా. ఎప్పుడన్నా తల తిప్పినావా నువ్వు? ఆరోజు ఎందుకు తిప్పినావు?"

ఏకాంబరం నవ్వాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఇంత మాత్రం తెలియదా అన్నట్టుగా చెప్పాడు.

"నువ్వు పిలిచినావు గదా నాయనా."

పోలయ్య గంజి గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చెంచాతో కొడుకు నోటికి అందించబోయాడు గానీ గంజి దుప్పటి మీద పడింది. తువ్వాలుతో ఆ మరకను తుడుస్తూనే ఉన్నాడు. నేను సెలవు తీసుకొని గుమ్మం దాటేదాకా తల ఎత్తలేదు.